చీపురు అందుకునే ముందు

వానాకాలపు రాత్రి. ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్లు ముసురుతుంటాయి. తెరిచిన తలుపులోంచి నల్లటి గుడ్డపీలిక లాంటిదేదో రివ్వున దూసుకొచ్చి గదిని చుట్టేస్తుంది. పిల్లలు దుప్పట్లో దూరతారు. ఒకరు చీపురు అందుకుంటారు, మరొకరు ‘ఇంటికి అరిష్టం’ అంటూ శాంతి మాట ఎత్తుతారు. ఆ గొడవలో ఫ్యాను ఆపాలని ఎవరికీ తోచదు. తెల్లవారేసరికి గుమ్మం బయట చీమలు పట్టిన గబ్బిలం. రెక్కలు ముడిస్తే అగ్గిపెట్టెలో పట్టేంత ప్రాణి.

అది మోసుకొచ్చిన అరిష్టమేమీ లేదు. దీపం కోసం పురుగులొచ్చాయి, పురుగుల కోసం అది వచ్చింది. పెంకుల సందుల్లో, వెంటిలేటర్ల వెనుక కాపురముండే చిన్న గబ్బిలాలకు వేలు దూరేంత కన్నం చాలు. కొత్తగా ఎగరడం నేర్చిన పిల్లలు దారి తప్పి వచ్చేదీ ఉంది. గబ్బిలం గుడ్డిదనేది వట్టి మాట. దానికి కళ్లు కనిపిస్తాయి. అవి చాలని చీకట్లో, మన చెవికి అందని కూత వేసి దాని ప్రతిధ్వనితో దారి పోల్చుకుంటుంది. గది మధ్యకు వచ్చినప్పుడు కిందికి వాలుతుంది కాబట్టి మన నెత్తిమీదికి దూకినట్లు అనిపిస్తుంది. నెత్తురు తాగే గబ్బిలాలు ప్రపంచంలో మూడు జాతులే, అవీ అమెరికా ఖండాల్లోనే. ఫ్యాను, లైటు ఆపి, కిటికీలు బార్లా తెరిచి పక్కకు తప్పుకుంటే తన దారిన తాను పోతుంది.

దోమపోటుతో, అంటే వరి రసం పీల్చే చిన్న పురుగుల దాడితో, దుబ్బులు మాడిపోవడం చూసిన మన రైతులకు థాయ్‌లాండ్ ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడి గుహల గబ్బిలాల్లో ఒక్క జాతి, ఆ పురుగుల్లో ఒకటైన తెల్లవీపు దోమను తిని ఏటా దాదాపు 2,900 టన్నుల వరిని కాపాడుతోందని 2014లో పరిశోధకులు లెక్కకట్టారు. అమెరికాలో 2006 నుంచి తెల్లముక్కు తెగులు అనే బూజు జబ్బు గబ్బిలాలను లక్షల్లో పొట్టన పెట్టుకుంది. అవి తగ్గిపోయిన చోట్ల రైతులు పురుగుమందుల వాడకం 31 శాతం పెంచారని, శిశు మరణాలూ 8 శాతం మేర పెరిగాయని 2024లో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన అధ్యయనం తేల్చింది. చీకట్లో జీతం లేకుండా జరిగే పని విలువ, అది ఆగిపోయాక గానీ తెలిసిరాలేదు.

పండ్లు తినే పెద్ద గబ్బిలాలది మరో కొలువు. రాత్రిళ్లు ఇప్పపూల మీద వాలి పుప్పొడి మోస్తాయి, మర్రి, మేడి గింజలను ఊళ్లు దాటిస్తాయి. అలాంటి వాటిని మన వన్యప్రాణి చట్టం ఎలుకలు, కాకులతో కలిపి హానికర జాబితాలో కూర్చోబెట్టింది. 2022 సవరణతో గానీ ఆ జాబితా రద్దు కాలేదు.

పండ్ల గబ్బిలాల నుంచి మనుషులకు సోకే నిఫా వైరస్ భయం ఉత్తుత్తిది కాదు. 2018లో కేరళలో 17 మంది ప్రాణాలు పోయాయి. గబ్బిలం కొరికిన పండు తినకూడదు, దాన్ని ఉత్త చేతులతో పట్టుకోకూడదు, కరిస్తే గాయాన్ని సబ్బునీటితో బాగా కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అంతే తప్ప ఊరి మర్రిని నరికించడం జబ్బుకు మందు కాదు. గూడు చెదిరిన గుంపు మరో చెట్టు వెతుక్కుంటుంది, అది మన పెరట్లోదే కావచ్చు. ఆరోగ్యశాఖ ఈ జాగ్రత్తలను ఊరూరా చాటించాలి, అటవీశాఖ గబ్బిలాల చెట్లను గుర్తించి రోడ్డు పనుల గుత్తేదార్లకు ముందే తెలియజేయాలి. రెండు శాఖలూ ఈ పని వానలు మొదలయ్యేలోగా చేయాలని కోరుతున్నాం.