క్షిపణి ఫోటో మీద బైబిల్ వాక్యం రాసేవాళ్లకు

పొద్దున్నే మా ప్రార్థన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. రాత్రి ఆకాశంలో దూసుకుపోతున్న క్షిపణి, కింద మంటల్లో ఒక నగరం, దాని మీద పెద్ద అక్షరాలతో "యెహోవా యుద్ధశూరుడు" అని నిర్గమకాండము 15వ అధ్యాయంలోని మాట. పెట్టింది ఎవరో తెలియని కుర్రాడు కాదు, ఏళ్ల తరబడి బైబిల్ స్టడీ నడుపుతున్న పెద్దాయన. కింద వరసగా ఆమెన్, ఆమెన్, ఆమెన్. ఆ మంటల్లో ఉన్నవి ఇళ్లు, వాటిలో మనుషులున్నారు అన్న ఊసే ఎవరూ ఎత్తలేదు.

నేను ఎత్తాను. "అన్నయ్య గారూ, వాళ్ల కోసం ప్రార్థన చెయ్యాల్సింది పోయి ఇదేంటండీ?" అని అడిగాను. వెంటనే జవాబు వచ్చింది. మత్తయి 10:34. "ఖడ్గమునే గాని సమాధానమును పంపుటకు నేను రాలేదు." దాని కింద, "వాక్యం పూర్తిగా చదవండి సిస్టర్."

సరే, పూర్తిగానే చదువుదాం. అదే పదో అధ్యాయంలో, ఆ వచనానికి కాస్త ముందు, యేసు తన శిష్యుల్ని పంపిస్తూ ఏమన్నాడు? తోడేళ్ల మధ్యకు గొర్రెల్ని పంపినట్టు మిమ్మల్ని పంపుతున్నాను అన్నాడు. దారికి చేతికర్ర కూడా సిద్ధం చేసుకోవద్దన్నాడు. ఒక ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మన్నాడు. చేతికర్ర కూడా వద్దన్నవాడు అదే ప్రసంగంలో కత్తి పట్టుకోమన్నాడా? 34 తర్వాత 35, 36 కూడా ఉన్నాయి కదా. తండ్రికీ కొడుక్కీ, తల్లికీ కూతురికీ, అత్తకీ కోడలికీ మధ్య వచ్చే చీలిక గురించి చెబుతున్నాడు. నన్ను నమ్మినందుకు సొంత ఇంటివాళ్లే మీకు శత్రువులవుతారు అంటున్నాడు. ఆ కత్తి శిష్యుడి మీద పడే కత్తి. శిష్యుడి చేతికి ఇచ్చింది కాదు. ఇది తెలియడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, ఇంకో రెండు వచనాలు చదివే ఓపిక ఉంటే చాలు.

ఇక ఆ "యుద్ధశూరుడు" పాట. అది పాడింది ఎవరు? బానిసలు. నాలుగు వందల ఏళ్లకు పైగా ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఉండి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సముద్రం దాకా పరిగెత్తుకొచ్చిన జనం. వెనక తరుముకొస్తున్నది అక్కడి రాజు ఫరో, ఏరి తెచ్చుకున్న ఆరు వందల రథాలతో. వాళ్లకు మోషే ఏం చెప్పాడు? యెహోవా మీ పక్షాన యుద్ధం చేస్తాడు, మీరు ఊరకే ఉండండి అని. ఆ రోజు ఇశ్రాయేలీయులు ఒక్క కత్తి కూడా దుయ్యలేదు. సామ్రాజ్యం రథాల నుంచి బతికి బయటపడ్డవాళ్ల పాట అది. మీరు దాన్ని తీసుకెళ్లి ఈ కాలపు రథం మీద రాశారు! ఆ ఫోటోలో పరిగెత్తుతున్నది ఎవరు, తరుముతున్నది ఎవరు? ఒక్క క్షణం చూసి ఉంటే మీ చెయ్యి ఆగేది.

గ్రూపులో ఇంకో సహోదరుడు, యుద్ధాలు గెలిచిన రాజు అంటూ దావీదును తెచ్చాడు. ఎప్పుడూ దావీదే. దావీదు దేవునికి మందిరం కట్టాలనుకుంటే, నువ్వు చాలా రక్తం ఒలికించావు, నా నామానికి మందిరం నువ్వు కట్టకూడదు అని దేవుడే చెప్పాడు. మొదటి దినవృత్తాంతములు 22లో ఆ మాట దావీదే తన నోటితో కొడుక్కి చెప్పుకున్నాడు. గొల్యాతు కథ పిల్లలకు నేర్పినన్నిసార్లు ఇది ఎందుకు నేర్పరు?

ఎలీషా ప్రవక్త కథ అయితే వేదిక మీద వినడమే అరుదు. రెండో రాజులు ఆరో అధ్యాయం. ఎలీషాను పట్టుకోవడానికి సిరియా రాజు సైన్యాన్ని పంపాడు. కళ్లు కనబడని స్థితిలో ఆ సైన్యం మొత్తం షోమ్రోను నడిబొడ్డుకు, అంటే శత్రువు రాజధానికి, వచ్చి చిక్కింది. ఇశ్రాయేలు రాజుకు చేతులు ఆగడం లేదు. "నాయనా, కొట్టెయ్యనా, కొట్టెయ్యనా" అని అడుగుతున్నాడు. ప్రవక్త వద్దన్నాడు. వాళ్లకు భోజనం పెట్టు, నీళ్లివ్వు, వాళ్ల యజమాని దగ్గరికి పంపించెయ్ అన్నాడు. రాజు విందు చేసి మరీ పంపాడు. ఆ తర్వాత సిరియా దండులు ఇశ్రాయేలు దేశంలోకి రావడం మానేశాయి అని రాసి ఉంది. దండయాత్రను ఆపింది అన్నం. ఇది పాత నిబంధనలోనే ఉంది, నేను రాసింది కాదు.

పట్టణాల్ని జనంతో సహా నాశనం చేసిన యుద్ధాలున్న యెహోషువ గ్రంథం సంగతేంటి అంటారు. అది చదివినప్పుడు నాకూ గుండె బరువెక్కుతుంది, దానికి సులువైన జవాబు ఉందని నేను అనను. కానీ నేను బాప్తిస్మం తీసుకున్నది యేసు పేరున. కంటికి కన్ను అని విన్నారు కదా, అయితే నేను చెబుతున్నాను అని మొదలుపెట్టి "మీ శత్రువులను ప్రేమించుడి" అన్నవాడి పేరున. ఆ కొండమీద ప్రసంగాన్ని పక్కన పెట్టాలంటే ఆయన్ని కూడా పక్కన పెట్టాలి.

యేసును బంధించిన గెత్సేమనే తోటలో, ఆయన శిష్యుడు పేతురు కత్తి తీశాడు. ఈ లోకంలో కత్తి తీయడానికి అంతకన్నా మంచి కారణం ఎవరికైనా దొరికిందా? ఏ పాపమూ లేనివాణ్ణి అర్ధరాత్రి బంధించి తీసుకెళుతున్నారు. న్యాయమైన యుద్ధం అని ఒకటుంటే అది ఆ రాత్రే జరగాలి. అక్కడే యేసు, "నీ కత్తి వరలో తిరిగి పెట్టుము" అన్నాడు. కత్తి పట్టుకునేవాళ్లందరూ కత్తిచేతనే నశిస్తారన్నాడు. తెగిపడిన చెవిని ముట్టి బాగుచేశాడు. సిలువకు ముందు లూకా రాసిన చివరి స్వస్థత అదే. జరిగింది తనను పట్టుకోవడానికి వచ్చిన గుంపులోని మనిషికి, ప్రధాన యాజకుడి దాసుడు మల్కుకి.

పౌలు రోమీయులకు రాసిన ఉత్తరంలోని 13వ అధ్యాయం ఎవరైనా తెస్తారని నాకు తెలుసు. తెచ్చారు కూడా. అధికారి ఊరకే ఖడ్గం ధరించడు, నిజమే. కానీ పౌలు ఆ ఉత్తరాన్ని అధ్యాయాలుగా విడగొట్టి రాయలేదు. దానికి సరిగ్గా పైనే, నీ శత్రువు ఆకలిగా ఉంటే అన్నం పెట్టు, కీడును మేలుతో జయించు అని రాశాడు. అది మనకు రాసింది. మనకు రాసింది వదిలేసి అధికారికి రాసిందే పట్టుకుంటే ఎలా?

అన్నిటికన్నా ఒళ్లు మండిన మాట, "ఇది పిరికి బోధ." పిరికిదా? 295లో మాక్సిమిలియన్ అనే ఇరవై ఒక్క ఏళ్ల యువకుడు, నేను క్రైస్తవుణ్ణి, సైన్యంలో చేరలేను అని రోమా అధికారి ఎదుట నిలబడి చెప్పి తల ఇచ్చాడు. 1569లో నెదర్లాండ్స్‌లోని ఆస్పెరెన్ అనే ఊళ్లో డిర్క్ విల్లెమ్స్ చెర నుంచి తప్పించుకుని, గడ్డకట్టిన చెరువు మీదుగా పరిగెత్తాడు. ఆయన నేరం, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకోవడం, తన ఇంట్లో ఇతరులకు ఇప్పించడం. జైలు తిండితో చిక్కిపోయాడు కాబట్టి మంచు ఆయన్ని మోసింది. తరుముతున్నవాడు మాత్రం మంచు విరిగి నీళ్లలో పడ్డాడు. డిర్క్ వెనక్కి తిరిగి వచ్చి అతన్ని బయటికి లాగాడు. దాంతో పట్టుబడ్డాడు. ఆ మే నెలలోనే ఆయన్ని సజీవదహనం చేశారు. 1943లో ఆస్ట్రియా రైతు ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ హిట్లర్ కోసం తుపాకీ పట్టనన్నాడు. భార్య, చిన్న చిన్న ఆడపిల్లలు ఉన్నారు. సలహాకు బిషప్ దగ్గరికి వెళితే ఆయన కుటుంబం గురించి ఆలోచించుకోమని చెప్పి పంపాడు. ఆగస్టు 9న తల నరికారు. 2007లో ఆ బిషప్ గారి కతోలిక సంఘమే ఆయన్ని ధన్యుడిగా ప్రకటించింది. బతికుండగా పక్కన నిలబడాల్సిన రోజున నిలబడలేదు, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడ నా అసలు బాధ చెప్పేస్తాను, ఎన్నో ఏళ్లుగా లోపల ఉంది. ఈ పెద్దలకు "ఎడమచెంప కూడ త్రిప్పుము" అన్న వాక్యం తెలియక కాదు. బాగా తెలుసు. ఎవరికి చెప్పాలో కూడా తెలుసు. మా కూటంలో ఒక అక్క ఉండేది. భర్త కొట్టిన దెబ్బలు కొంగు కింద దాచుకుని ఆరాధనకు వచ్చేది. ఆమె ఏడుస్తూ చెప్పుకుంటే పెద్దలు ఆమె ముందు తెరిచింది ఈ వాక్యమే. ఓర్చుకోమ్మా, నీ ఓర్పు చూసి అతను మారతాడు అన్నారు. దేశాలు బాంబులు వేస్తే యుద్ధశూరుడు, ఆడదాని మీద చెయ్యి లేస్తే ఇంకో చెంప! బలం ఉన్నవాడికి ఖడ్గం వాక్యం, బలం లేనిదానికి చెంప వాక్యం. దీన్ని వాక్యోపదేశం అంటారా?

ప్రధాన యాజకుడి ముందు ఒక బంట్రోతు కొట్టినప్పుడు యేసు నోరు మూసుకుని ఉన్నాడా? నేను మాట్లాడింది తప్పైతే ఏం తప్పో చెప్పు, మంచిదైతే నన్నెందుకు కొడుతున్నావ్ అని మొహం మీదే అడిగాడు. యోహాను 18:23. తిరిగి కొట్టలేదు, ఊరుకోనూ లేదు. దమస్కులో చంపడానికి కాచుకుని ఉంటే పౌలు గంపలో కూర్చుని గోడ మీంచి దిగి తప్పించుకున్నాడు. అపొస్తలుడు తప్పించుకుంటే తెలివి, ఆ అక్క పుట్టింటికి వెళితే అవిశ్వాసమా? కొట్టినవాడు ప్రతి ఆదివారం ముందు వరసలోనే కూర్చునేవాడు, ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకునే చోట, చెయ్యి వేసేవాడు. కత్తి దించు అని పేతురుతో అన్న మాట అతనికి ఒక్కరూ చదివి వినిపించలేదు. చెప్పాల్సింది అతనికి. ఆ అక్క గడప కాదు, అతని గడప తొక్కి, నీ చెయ్యి దించేదాకా ఈ బల్ల దగ్గరికి రావద్దు అని చెప్పండి. సంఘపెద్దలుగా మీకున్న అధికారం అందుకే.