రైతు బజారు సరుకుపై తిరుగుతున్న సందేశానికి సమాధానం

రైతు బజారు పేరుకే మిగిలిందనీ, అక్కడ కూర్చున్నవారంతా టోకు మార్కెట్లో కొని అమ్మే వ్యాపారులేననీ, కాలాన్ని బట్టి స్థానికంగా పండినదానికి వేరే రుచి ఉంటుందన్నది వట్టి భ్రమేననీ, ధరలోనూ తేడా లేదు కనుక ఏడాది పొడవునా అన్నీ దొరికే పెద్ద దుకాణమే నయమనీ చెప్పే సందేశమొకటి శ్రీకాకుళం, విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో విరివిగా తిరుగుతోంది.

మొదటి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఉల్లి, బంగాళాదుంప బయటి నుంచి రావలసిందే. వాటిని అమ్మడానికి స్వయం సహాయక సంఘాల మహిళలకు బజారులో చోటిచ్చారు కూడా. అయితే 1999 జనవరి 26న ఈ బజార్లు మొదలైంది రైతు దళారీ లేకుండా నేరుగా అమ్ముకోవడానికే. అందుకే గుర్తింపు కార్డులు, ధరల బోర్డు. కార్డు లేనివారు చొరబడితే అది తనిఖీ లోపం. అసలు రైతును గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: రెండు మూడు రకాలే, అవీ ఒక సైజులో లేకుండా ఉన్న గోనెపట్టా దగ్గర ఆగి ఎప్పుడు కోశారని అడిగితే, "నిన్న సందేళ కోసినాం బాబూ, లేత బీర ఎల్లుండికి వస్తాది" అని పంట సంగతి కూడా చెబుతారు.

రుచి భ్రమ అన్న మాట మాత్రం బొత్తిగా నిలవదు. అరటిలో ఉండే పిండిపదార్థం నిల్వ అనాసలో ఉండదు కనుక కోసిన తరువాత దాని తీపి పెరగదు. దూరం పంపవలసిన కాయను ముందే కోస్తారు, సీతంపేట కొండల నుంచి వానల మొదట్లో దిగే కాయను పండనిచ్చి కోయవచ్చు. టమాటాను సుమారు 12 డిగ్రీలకు దిగువన చల్లగా ఉంచితే వాసన తగ్గుతుంది. ఇక పనస సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు ఉద్దానం తోటలు నేలకూలినా అక్కడి కాయ వేసవిలో ఇంకా వస్తూనే ఉంది. జిగురు అంటకుండా కత్తికీ చేతులకూ నూనె రాసుకుని, ముళ్ల తొక్క చెక్కి, లేత కాయను సన్నగా కొట్టి పొట్టుగా ఇస్తారు. ఇంటికి తెచ్చి ఆలస్యం చేస్తే నల్లబడుతుంది, వెంటనే ఆవపెట్టి వండితే ఆ కూరకు సాటి లేదు. (స్థానికమైనదంతా పురుగుమందు లేనిదేనని కొందరు బజారు అభిమానులు అనడమూ సరికాదు, అదీ అడిగి తెలుసుకోవలసిందే.)

అన్నీ ఎప్పుడూ దొరకడం సౌకర్యమే, కాదనను. కానీ వేసవి ముంజెలు, శీతకాలపు తేగలు ఏ దుకాణమూ ఏడాదంతా పెట్టలేదు. ఎదురుచూసి తినడంలోని సంతోషం ఆ సందేశం లెక్కలోకే రాలేదు.

ధరను పోల్చదలచినవారు చిక్కుడు, వంగ, టమాటా ముమ్మరంగా కాసే పుష్య, మాఘ మాసాల్లో అదే రకాన్ని అదే రోజున రెండు చోట్లా కొని చూడాలి. సందేశానికి జతచేసిన రసీదులో ఉన్నవి ఆషాఢంలో కొన్న క్యారెట్టు, క్యాబేజీ. ఆ నెలలో అవి మన మైదానంలో పండే పంటలు కావు.