సవరణ: ఆంధ్ర మహిళా సభ పుట్టింది హైదరాబాద్‌లో కాదు

మొన్న స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి మీద పెట్టిన పోస్ట్‌లో, ఆడవాళ్ల చదువు, సంక్షేమం కోసం పనిచేసే ఆంధ్ర మహిళా సభని ఆవిడ హైదరాబాద్‌లోనే మొదలుపెట్టారని రాశాను, అది తప్పు. మొదలైంది 1937లో, మద్రాసులో, మన దగ్గరికి తర్వాతే వచ్చింది. రోజూ విద్యానగర్ మీదుగా బస్సులో పోతూ ఆవిడ పేరున్న ఆసుపత్రి బోర్డు చూసీ చూసీ అంతా ఇక్కడే పుట్టిందనుకుని చెక్ చేసుకోకుండా రాసేశా. మా పిన్ని చదివి ఫోన్ చేసి మరీ క్లాస్ పీకింది, లైబ్రరీకెళ్లి ఆవిడ జీవితం మీద ఉన్న పుస్తకాలు తిరగేస్తే పిన్నిదే కరెక్ట్.

ఇంకోటి, అదే పోస్ట్‌లో రాసిన, దుర్గాబాయి గారు చిన్నప్పుడు నెహ్రూని గేటు దగ్గర ఆపిన సంగతి. కాంగ్రెస్ మహాసభలోకే రానివ్వలేదని కొందరు అర్థం చేసుకున్నారు, నేను రాసిన తీరూ అలాగే ఉంది లెండి. 1923లో కాకినాడ మహాసభలప్పుడు పక్కనే పెట్టిన ఖాదీ ఎగ్జిబిషన్ గేటు అది. టికెట్ లేనివాళ్లని పంపొద్దని వాలంటీర్‌గా ఉన్న ఈవిడకి చెప్పారు, 14 ఏళ్ల పిల్ల, నెహ్రూనైనా సరే ఆపేసింది, నిర్వాహకులు వచ్చి కోప్పడితే మీరు చెప్పిందే కదా చేస్తున్నా అంది, చివరికి వాళ్లే టికెట్ కొన్నాక గానీ లోపలికి వదల్లేదు.

పాత పోస్ట్‌లో రెండూ మార్చేశా, ముందే షేర్ చేసినవాళ్లు కొంచెం చూసుకోండి.