మేత తింటున్నంత మాత్రాన గుర్రం పళ్ళు బాగున్నట్టు కాదు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలను తిప్పేవారి ఫోన్లలో ఒక వాట్సాప్ సందేశం చాలాకాలంగా తిరుగుతోంది. మేత తినే గుర్రానికి పళ్ళ జబ్బు ఉండదని, ఉలవలు పెడితే పళ్ళు వాటంతటవే సమంగా అరుగుతాయని, కళ్ళెం వేస్తే తల విదిలించడం పొగరేనని, పెదవి ఎత్తి చూస్తే పరీక్ష పూర్తయినట్టేనని దాని సారాంశం.

వీటిలో మొదటి మాట అన్నిటికన్నా ప్రమాదకరమైనది. నోరు పుండైన గుర్రం కూడా ఆకలికి ఓర్చుకోలేక మేతలో మూతి పెడుతుంది. ఎద్దులాగా నెమరు వేసుకునే వీలు దానికి లేదు కనుక, సరిగా నమలకుండా మింగినది గొంతుకు అడ్డుపడవచ్చు, కడుపునొప్పికీ దారితీయవచ్చు. నిరుడు విజయనగరం శివార్లలో నేను చూసిన ఒక ఆడగుర్రం బాగానే తింటోందని యజమాని చెప్పారు. గాడి కింద మాత్రం బొటనవేలంత లావున, చొంగతో తడిసి, తాడు పేనినట్టు చుట్టుకున్న వరిగడ్డి ఉండలు పడి ఉన్నాయి. లద్దెను పుల్లతో విడదీస్తే ఉలవలు గింజకు గింజ బయటపడ్డాయి.

ఉలవలు మన మెట్ట పొలాల పంట, గుర్రానికి మంచి దాణా. అందులో తగవు లేదు. అయితే గుర్రం పళ్ళు ఏటా సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లు పైకి వస్తూనే ఉంటాయి. పై దవడ కింది దవడకన్నా వెడల్పు కనుక పై పళ్ళకు బుగ్గ వైపు, కింది పళ్ళకు నాలుక వైపు అంచులు అరగక కత్తి వాదరలా మిగులుతాయి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కలకు బాగా తిరుగుతుంది, దాణా నమిలేటప్పుడు ఆ తిరుగుడు తగ్గుతుంది. గడ్డి తగ్గించి ఉలవలు పెంచితే ఆ వాదర ఇంకా పదునెక్కుతుంది.

కళ్ళెం లాగినప్పుడు బుగ్గ ఒరుసుకునేది ఆ వాదరకే. తల విదిలించే గుర్రాన్ని కొట్టకండి. బుగ్గ మీద, బయటి నుంచే, పై పళ్ళ వరస వెంట వేళ్ళతో మెల్లగా నొక్కి చూడండి. అది ఉలిక్కిపడి తల లాక్కుంటే లోపల పుండు ఉందని అనుమానించాలి. ఒక్క ముక్కు రంధ్రం నుంచే కంపుకొట్టే చీము కారుతుంటే పై దవడ పంటి వేరు చెడి ఉండవచ్చు.

పెదవి ఎత్తితే కనిపించేవి ముందు పళ్ళే. నమిలే 24 దవడ పళ్ళూ వెనక ఉంటాయి, అక్కడ మనం వేలు పెట్టకూడదు. పశువైద్యులు మత్తు ఇచ్చి, నోరు తెరిచి ఉంచే ఇనుప చట్రం బిగించి, దీపం వెలుగులో చూసి, అవసరమైతే ఆకురాయితో అంచులను నునుపు చేస్తారు. ఈ పరీక్ష ఏడాదికి ఒకసారి, ఐదేళ్ళలోపు గుర్రాలకూ ముసలి గుర్రాలకూ ఆరు నెలలకు ఒకసారి అవసరం. సలహా కోసం దూరం పోనక్కరలేదు, గరివిడిలోనే పశువైద్య కళాశాల ఉంది.