కోర్టు ఫీజుల పెంపునకు మా సంపూర్ణ మద్దతు

కోర్టు ఫీజులు పెంచాలన్న ఆలోచన ఏ రాష్ట్ర ప్రభుత్వానికి ఎప్పుడు వచ్చినా ఈ శీర్షిక దాన్ని ముందుగానే, బేషరతుగా సమర్థిస్తోంది. బిల్లు చదవనవసరం లేదు. కారణం మనకు తెలిసిందే: తప్పుడు దావాలు పెరిగిపోయాయి, వాటిని అరికట్టాలి. ఈ కారణానికి 230 ఏళ్లు నిండాయి. ఇంత వయసొచ్చినా దానికి ఒక్క పన్ను ఊడలేదు.

1795లో ఈస్టిండియా కంపెనీ బెంగాల్‌లో దావాల మీద రుసుము వేసింది. కోర్టుకెక్కడం మరీ తేలికైపోయి పనికిమాలిన వ్యాజ్యాలు పేరుకుపోయాయి కాబట్టే ఈ పని చేస్తున్నామని ఆ శాసనం పీఠికలోనే రాసుకుంది. నలభై ఏళ్ల తరువాత గవర్నర్ జనరల్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా వచ్చిన మెకాలే ఆ పీఠిక చదివి, ఇంత అసంబద్ధమైనదాన్ని ఇంతవరకూ ఎవరూ రాసి ఉండరన్నాడు. (పాపం, తరువాతి కాలపు పీఠికలు చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు.) గెలుస్తానన్న ఆశ లేనిదే ఎవరూ కోర్టుకు రారు; అబద్ధపు దావాతోనూ గెలవవచ్చని జనం నమ్ముతున్నారంటే లోపం చట్టాల్లోనో న్యాయమూర్తుల్లోనో ఉండాలి తప్ప, ఫీజు చవకగా ఉండటంలో లేదు. అదీ ఆయన వాదన. మెకాలే పెట్టిన చదువంతా బుద్ధిగా చదువుకున్నాం. ఈ ఒక్క పాఠం దగ్గర మాత్రం బడి ఎగ్గొట్టాం.

ఆ తరువాత 1870లో కోర్టు ఫీజుల చట్టం వచ్చింది, మనకంటూ 1956లో ఆంధ్ర కోర్టు ఫీజులు, దావాల విలువ నిర్ణయ చట్టం వచ్చింది. సుప్రీంకోర్టును మినహాయించి మిగతా కోర్టుల ఫీజులను రాజ్యాంగం రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి, నిజాయితీ ధర ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రకం. తమిళనాడులో బాకీ వసూలు దావాకు నూటికి ఏడున్నర రూపాయలు ఉండేది. 2017లో దాన్ని మూడు రూపాయలకు దించారు. సిద్ధాంతం ప్రకారం తమిళనాట అబద్ధాలకోరులు రాత్రికి రాత్రే రెండున్నర రెట్లు పెరిగిపోయి ఉండాలి. అలాంటి వార్త ఏదీ రాలేదు. బహుశా పత్రికలవాళ్లు దాచిపెట్టి ఉంటారు. మహారాష్ట్రది ఇంకో పద్ధతి: ఫీజుకు గరిష్ఠ పరిమితి ఉంది, 2018లో దాన్ని 3 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. అంటే ఆ గీత దాటాక ఎంత పెద్ద అబద్ధమాడినా ధర పెరగదు, టోకు బేరం. ఢిల్లీ 2012లో ఫీజులను ఒక్కసారిగా భారీగా పెంచింది. మరుసటి ఏడాది అక్కడి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఫీజు పెంచడం తప్పుడు దావాలను ఆపడానికైతే, ఫీజు పెంపు మీదే దావా పడి అది నెగ్గడాన్ని ఏ ఖాతాలో రాయాలో ఆర్థిక శాఖవారే చెప్పాలి.

ఇక ఒక ఉదాహరణకు వద్దాం. ఒక తాపీ మేస్త్రీ ఉన్నాడనుకోండి. ఇల్లు కట్టించుకున్న ఆసామి 10 లక్షలు బాకీ పడ్డాడు. గృహప్రవేశం అయిపోయింది, డబ్బు అడిగితే గోడ వంకరగా ఉందంటున్నాడు. మేస్త్రీ దావా వేయాలంటే తమిళనాడు పాత లెక్కలో 75,000, కొత్త లెక్కలో 30,000 ముందు కట్టాలి. ఆ డబ్బు ఆయనకు ఎక్కడి నుంచి రావాలి? ఆసామి దగ్గరి నుంచే. అది వసూలు కాకనే కదా కోర్టుకు వచ్చింది.

ఇప్పుడు ఆసామిని చూద్దాం. ఆయన ప్లీడరు జవాబు దాఖలు చేస్తాడు: బాకీ లేదు, సంతకం నాది కాదు, ఒకవేళ నాదే అయినా మొత్తం ఎప్పుడో చెల్లించేశాను, అదీ కాకపోతే దావాకు కాలదోషం పట్టింది, అంటే వేయాల్సిన గడువు దాటిపోయింది. నాలుగు వాక్యాల్లో నాలుగు రకాల మాటలు, ఒకదాన్నొకటి తన్నుకుంటూ. వీటి మీద నూటికి ఇంత అని ఫీజు లేదు. ఎదురు దావా వేస్తే తప్ప ప్రతివాది ఎంత విలువైన అబద్ధమాడినా శాతం లెక్క ఆయన గుమ్మం తొక్కదు. తొమ్మిదిన్నర లక్షల అబద్ధానికీ తొమ్మిది వందల అబద్ధానికీ ఒకటే ధర. పైగా సాక్షి వచ్చిన రోజున ప్లీడరు గారికి జ్వరం, ఆయన కోలుకున్న రోజున గుమాస్తా ఫైలు తేలేదు. ఒక్కో పక్షానికి వాయిదాలు మూడింటికి మించరాదని, సివిల్ దావాలు ఎలా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉందనుకోండి. కోడ్‌లో చాలా ఉన్నాయి.

అబద్ధపు దావాలను ఆపడానికి పుట్టిన ఫీజు దావా వేసినవాడినే పట్టుకుంటుంది. ఇవ్వవలసింది ఎగ్గొట్టి కూర్చున్నవాడి జోలికి పోదు. కోర్టుల్లో అబద్ధాలన్నీ వాదులే ఆడతారని, ప్రతివాదులు పుట్టుకతోనే సత్యసంధులని 1795లో ఎవరో కనిపెట్టి ఉంటారు. అంతటి పరిశోధనను తిరగదోడడం మన బోటివాళ్లకు తగదు.

విలువను బట్టి ఫీజు అన్న సూత్రంలో ఇంకో చిన్న చిక్కుంది. రాత్రి బస్సులో ఎక్కువ కట్టినవాడికి పడుకోవడానికి బెర్తు ఇస్తారు. కోర్టులో 75,000 కట్టినవాడు కూడా ఆ వరండాలోనే నిలబడాలి, బంట్రోతు పేరు పిలిస్తే వినపడలేదని పరుగెత్తాలి, నకలుకు దరఖాస్తు పెట్టుకుని తిరగాలి. జడ్జిగారు కూడా ఎక్కువ విలువ ఉన్న ప్రామిసరీ నోటును ఎక్కువసేపు చూడరు. వెయ్యి రూపాయల గట్టు తగాదాలో పదిమంది సాక్షులుంటారు, కోటి రూపాయల నోటు దావా రెండు సంతకాలతో తేలిపోతుంది. న్యాయం మీద రాష్ట్రం లాభం చేసుకోకూడదని సెతల్వాడ్ అధ్యక్షతన లా కమిషన్ 1958లో తన 14వ నివేదికలో చెప్పింది. నివేదికను భద్రపరిచారు. భద్రపరచడంలో మనవాళ్లకు సాటి లేరు.

రాష్ట్రం కఠినమైనదేమీ కాదు, డబ్బు వెనక్కి కూడా ఇస్తుంది. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుందని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతోంది. మేస్త్రీ పది లక్షలకు బదులు ఆరు చాలని ఒప్పుకుంటే ఫీజు తిరిగొస్తుంది. మొత్తం పది రావలసిందే, తీర్పు కావలసిందే అని పట్టుబడితే రాదు. రాజీ మంచిదే, నేను కాదనను. కానీ న్యాయం అడగను అన్నవాడికే డబ్బు తిరిగిచ్చే అంగడి ఇంకెక్కడా కనబడదు.

ఫీజు పెంచితే తప్పుడు కేసులు తగ్గుతాయో లేదో తేల్చడానికి ఇంగ్లండ్ వాళ్లు నాలుగేళ్లు ప్రయోగం చేసి చూశారు. 2013లో ఉద్యోగుల ట్రిబ్యునళ్లలో కొత్తగా ఫీజు పెట్టారు. బకాయి జీతం, సెలవు జీతం వంటి చిన్న కేసులకు విచారణ దాకా 390 పౌండ్లు, వివక్ష, అన్యాయపు తొలగింపు వంటివాటికి 1,200 పౌండ్లు. కేసులు మూడింట రెండు వంతులు పడిపోయాయి. మంత్రులు సంతోషించారు. యూనిసన్ అనే కార్మిక సంఘం పోరాడితే 2017 జులైలో అక్కడి సుప్రీంకోర్టు ఆ ఫీజులు చెల్లవంది. వసూలు చేసింది వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. ఆ తీర్పులో ఒక ముక్క ఉంది: ఫీజు పెట్టాక నెగ్గే కేసుల నిష్పత్తి పెరగాల్సింది పోయి తగ్గింది. అంటే ఫీజుకు జడిసి ఆగిపోయినవాళ్లు అబద్ధాలకోరులు కారు. అబద్ధాలకోరులు యథాప్రకారం వచ్చారు. అబద్ధం చెప్పేవాడికి దాన్ని పెట్టుబడిగా చూసే అలవాటుంటుంది, రెండు వారాల సెలవు జీతం కోసం వచ్చేవాడికి ఉండదు.

పేదలకు మినహాయింపు ఉంది కదా అని ప్రభుత్వ ప్లీడరు గారు అంటారు. ఉంది. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, ఇంకొందరికి న్యాయసేవల సంస్థ సాయం ఉంది. వాటిలో ఇమడని మన మేస్త్రీకి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 33వ ఆర్డర్ ఉంది. ఫీజు కట్టే స్తోమత లేదని అర్జీ పెట్టుకోవచ్చు. అప్పుడు మేస్త్రీ పేదవాడా కాదా అన్నది తేల్చడానికి ఒక విచారణ. దానికి ప్రభుత్వ ప్లీడరుకూ ఆసామికీ నోటీసు వెళుతుంది. అవును, బాకీ ఎగ్గొట్టిన ఆసామికే. మేస్త్రీ పేదవాడు కాదని నిరూపించే అవకాశం ఆయనకు ఇవ్వాలి కదా.

మేస్త్రీ బోనెక్కుతాడు. ఆసామి ప్లీడరు లేస్తాడు.

“నీకు మోటారు సైకిలు ఉందా?”

“ఉందండి. పాతది.”

“ఫోను?”

“ఉందండి.”

“ఇంట్లో టీవీ?”

“పిల్లలు చూస్తారండి.”

“రసమట్టం, తూకపు గుండు, తాపీ ఎన్ని ఉన్నాయి?”

ఇక్కడ మేస్త్రీ ప్లీడరు అభ్యంతరం చెబుతాడు. చేతివృత్తి పనిముట్లను అదే కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జప్తు చేయరాదు, కాబట్టి స్తోమతలో లెక్కించరాదు. వంటపాత్రలు, పక్కబట్టలు కూడా అంతే. కోర్టువారు అంగీకరిస్తారు. టైపిస్టు వాంగ్మూలం కొడతాడు: “నాకు ఆస్తి ఉండి కూడా దాచిపెట్టి అబద్ధం చెబుతున్నాను అంటే నిజం కాదు.” ఇలా కొన్ని వాయిదాల తరువాత మేస్త్రీ పేదరికం రుజువవుతుంది. అసలు దావాకు అప్పుడు నంబరు పడుతుంది.

అక్కడితో ఫీజు మాఫీ అయిందనుకునేరు. మేస్త్రీ గెలిస్తే డిక్రీ సొమ్ము మీద మొదటి హక్కు ఆ ఫీజుదే. ఓడితే ఫీజు కట్టమని మేస్త్రీనే కోర్టు ఆదేశిస్తుంది. కట్టలేడని విచారణ జరిపి తేల్చినది ఆ కోర్టే. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా కలెక్టరు వసూలు చేయవచ్చు. ఏం వసూలు చేస్తారన్నది వేరే సంగతి. ఫీజు ఎంత పెంచితే ఇలాంటివాళ్ల నుంచి రావలసిన బకాయిల పద్దు అంత నిండుగా కనిపిస్తుంది, శాసనసభలో చదివి వినిపించడానికి అంకె బాగుంటుంది.