సవరణ: చార్టర్ బడి ప్రైవేటు బడి కాదు

మా పాప చదివే చార్టర్ బడిలో జరిగిన ఉపాధ్యాయుల అభినందన వారం గురించి మొన్న రాస్తూ, దాన్ని ప్రైవేటు పాఠశాల అన్నాను. అది తప్పు. అమెరికాలో చార్టర్ బడులంటే ప్రభుత్వ అనుమతి పత్రం (చార్టర్) మీద విడిగా నిర్వహించే బడులు. అవి ప్రభుత్వ నిధులతో నడుస్తాయి, ఫీజు ఉండదు. సీట్లకు మించి దరఖాస్తులు వస్తే లాటరీ తీస్తారు. చార్టర్ బడులకు తొలి చట్టం 1991లో మిన్నెసోటా రాష్ట్రం చేసింది. మరుసటి ఏడాదే సెయింట్ పాల్ నగరంలో మొదటి బడి తెరుచుకుంది.

ఇంకో పొరపాటు నన్ను ఎక్కువ బాధపెట్టింది. పొద్దున్నే బస్సు దగ్గర నిలబడి పిల్లలను పేరుపేరునా పలకరించే ఆవిడను ‘ఆయా’ అని రాశాను. ఆవిడ సహాయ ఉపాధ్యాయురాలు. పిల్లలు రంగు కాగితాలు అతికించి చేసిన కార్డు మీద ఆ మాటే పెద్ద అక్షరాలతో ఉంది. నేనే సరిగా చూడలేదు. ఆవిడకు మనస్ఫూర్తిగా క్షమాపణలు. పాత రాతలో రెండూ సరిదిద్దాను.