గతాన్ని వెక్కిరిస్తూనే ముస్తాబు చేసిన పారిస్

న్యూయార్క్ దర్శకుడిగా పేరుపడ్డ వుడీ అలెన్ 2005 నాటి 'మ్యాచ్ పాయింట్' కోసం లండన్ వెళ్లారు. ఆ కథ నిజానికి అమెరికాలో జరగాల్సింది, పెట్టుబడి బ్రిటన్‌లో దొరికింది కాబట్టి ఊరు మారింది. తర్వాత బార్సిలోనా, పారిస్, రోమ్. వీటిలో జనం నెత్తిన పెట్టుకున్నది 2011లో కాన్ చిత్రోత్సవాన్ని ప్రారంభించిన 'మిడ్‌నైట్ ఇన్ పారిస్'. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు.

కథ తెలిసిందే. కాబోయే భార్యతో పారిస్ వచ్చిన హాలీవుడ్ రచయిత గిల్ అర్ధరాత్రి ఒక చర్చి మెట్ల మీద కూర్చుంటాడు. పాత ప్యూజో కారు వచ్చి ఎక్కించుకుంటే నేరుగా 1920లలో, ఆనాటి అమెరికన్ రచయితలు హెమింగ్వే, ఫిట్జ్‌జెరాల్డ్‌ల మధ్య తేలతాడు. ఆ కారు ఎలా వచ్చిందో సినిమా ఒక్క ముక్క చెప్పదు. చెప్పకపోవడమే నయమైంది.

అసలు మజా అక్కడ పరిచయమయ్యే అడ్రియానాతో మొదలవుతుంది. గిల్ కలలుగన్న 1920లు ఆమెకు బోరు. ఆమెకు 1890లు కావాలి. తీరా అక్కడికి వెళితే చిత్రకారులు గోగాన్, డెగా తమ కాలాన్ని చప్పరించేసి, శతాబ్దాల వెనకటి రినైజాన్స్ నాటి వైభవమే వైభవం అంటారు. దూరపు కొండలు నునుపని గిల్‌కి అప్పుడు అర్థమవుతుంది. అయితే ఆ మాట అతను తత్వం వల్లించినట్టు చెప్పడు. యాంటీబయాటిక్స్ అయిపోయి, మత్తుమందు లేని డెంటిస్టు దగ్గరికి వెళ్లినట్టు వచ్చిన పీడకల గురించి చెబుతాడు. గతం మీది మోజును ఇంత సులువుగా దించిన డైలాగు రొమాంటిక్ కామెడీల్లో అరుదు.

చిక్కేమిటంటే, హీరోకి వచ్చిన తెలివిడి కెమెరాకి రాలేదు. సినిమా మొదట్లో మూడు నిమిషాలకు పైగా కథ ఊసే ఉండదు. జాజ్ కళాకారుడు సిడ్నీ బెషే సంగీతం మీద ఉదయం నుంచి రాత్రి దాకా అందమైన పారిస్ మాత్రమే. ఇరుకు మెట్రో బోగీలు, శివారు అపార్ట్‌మెంట్లు ఆ ఊళ్లో లేనట్టే. 1920ల సంగతి మరీ చిత్రం. పది లక్షలకు పైగా ఫ్రెంచి సైనికులను మింగిన మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి ఎన్నేళ్లో కాలేదు. హెమింగ్వే నోట యుద్ధం మాట వస్తుంది కానీ, వీధుల్లో దాని జాడ కనబడదు.

గిల్ కాబోయే భార్య ఇనెజ్ పాత్ర ఇంకో లోపం. ఆమెను ఎంత చిరాకు మనిషిగా రాశారంటే, గిల్ ఆమెను వదులుకోవడంలో కష్టమేమీ లేదు. ప్రేమకథలో టెన్షన్ అక్కడే చచ్చిపోయింది. శిల్పి రోదాన్ భార్య ఎవరు, ప్రియురాలు ఎవరు అని గైడుతోనే వాదనకు దిగే ఇనెజ్ స్నేహితుడు పాల్ మాత్రం బాగా పేలాడు. అలాంటి మేధావి ప్రతి టూరిస్టు బృందంలోనూ ఒకడుంటాడు.

ఇన్ని లోపాలున్నా సినిమా ప్రపంచవ్యాప్తంగా 15 కోట్ల డాలర్లు దాటింది, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తెచ్చింది. నా దృష్టిలో జనం టికెట్ కొన్నది గిల్ నేర్చుకున్న పాఠం కోసం కాదు, ఆ పాఠం తప్పు అని చెప్పిన మెరుపు కోసం. ఆ మాటకొస్తే గిల్ కూడా పూర్తిగా మారలేదు. వర్తమానంలోనే బతుకుతానని నిర్ణయించుకున్నవాడు చివరికి జత కట్టింది 1920ల పాటల రచయిత కోల్ పోర్టర్ పాత రికార్డులు అమ్మే అమ్మాయితో.